సైన్యంలో నేర్చుకున్నదానికి కాలేజీ క్రెడిట్లు: మీకు నిజంగా ఎన్ని దక్కాయి?

మాజీమెడిక్:
ఎనిమిదేళ్లు అమెరికా సైన్యంలో కాంబాట్ మెడిక్‌గా చేసి పోయిన ఏడాది బయటికి వచ్చాను. హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌లో బ్యాచిలర్స్ చేద్దామని ఒక కాలేజీలో చేరి, నా జాయింట్ సర్వీసెస్ ట్రాన్స్‌క్రిప్ట్ (మనమంతా జేఎస్‌టీ అనేదే, సైన్యంలో పొందిన శిక్షణ, చేసిన ఉద్యోగాల రికార్డు) పంపించాను. నెల తర్వాత మెయిలు వచ్చింది, 41 క్రెడిట్లు ఆమోదించామని. మొత్తం కావలసినవి 120. మూడో వంతు చదవకుండానే అయిపోయిందని ఇంట్లో పండగ చేసుకున్నాం. తీరా అడ్వైజర్ ఎదురుగా కూర్చుంటే తెలిసింది, డిగ్రీకి లెక్కకు వచ్చేవి 11 మాత్రమేనని. వ్యాయామానికి 2, ఫ్రీ ఎలెక్టివ్‌ల (మనకు నచ్చినవి ఎంచుకునే కోర్సులు) కింద 9. నా డిగ్రీలో ఫ్రీ ఎలెక్టివ్‌లకు ఉన్న చోటే అంత. మిగతా 30 ట్రాన్స్‌క్రిప్ట్ మీద నగల్లా మెరుస్తున్నాయి, పనికి మాత్రం రావు. ఇది నా ఒక్కడికేనా, అందరికీ ఇంతేనా? ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా?

సప్లైసార్జెంట్:
అందరికీ ఇంతే, తమ్ముడూ. పదకొండేళ్లు గిడ్డంగి లెక్కలు చూసిన నాకు 'ఇన్వెంటరీ నిర్వహణ పరిచయం' అనే కోర్సు మళ్లీ చెప్పారు. ఆ పాఠ్యపుస్తకంలోని తప్పు నేను పట్టుకుంటే ప్రొఫెసర్ సంతోషించాడు. క్రెడిట్ మాత్రం ఇవ్వలేదు.

రిజిస్ట్రార్‌గది:
నేను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, బయటి నుంచి వచ్చే క్రెడిట్లను మదింపు చేసే విభాగంలో పనిచేస్తాను. కౌంటరుకు ఇవతలి వైపు నుంచి కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

సైనిక శిక్షణను కాలేజీ భాషలోకి మార్చే పని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్‌ది. అధ్యాపకులను పంపి, సైనిక కోర్సును పరిశీలింపజేసి, 'ఇది ఫలానా విషయంలో, ఫలానా స్థాయిలో, ఇన్ని క్రెడిట్లకు సమానం' అని సిఫారసు చేస్తుంది. అది సిఫారసే, ఆజ్ఞ కాదు. ఒప్పుకోవాలా వద్దా, ఒప్పుకుంటే ఏ కోర్సుకు బదులుగా అన్నది పూర్తిగా కాలేజీ ఇష్టం. పైగా ఆమోదించడం ఒకరి పని, డిగ్రీకి లెక్కకట్టడం మరొకరి పని. మా గదిలో మేము 'ఇవి క్రెడిట్లే' అని ముద్ర వేస్తాం. ఏ అవసరానికి సరిపోతాయో తేల్చేది ఆ విభాగం అధ్యాపకులు. మేము ఏ కోర్సుకు సమానమో తేల్చలేనివన్నీ ఎలెక్టివ్‌ల బుట్టలో వేస్తాం. మీ 30 అక్కడే ఉన్నాయి.

ఇంకో సంగతి. జేఎస్‌టీలో కోర్సులకు విడిగా, ఉద్యోగానుభవానికి విడిగా సిఫారసులు ఉంటాయి. రెండింటిలోనూ ఒకే విషయం కనిపిస్తుంది. రెండు చోట్లా ఉన్నవి కలిపి కూడుకుని 'నాకు 70 క్రెడిట్లు ఉన్నాయి' అని వచ్చేవాళ్లను వారానికొకరినైనా చూస్తాను. ఒకే పాఠానికి రెండుసార్లు ఎవరూ ఇవ్వరు.

ఇక చేయవలసింది: మళ్లీ మా దగ్గరికి రాకండి. మీ డిగ్రీలో ఏయే కోర్సులు మీకు ముందే తెలిసినవో గుర్తించి, వాటి సిలబస్‌లు తెచ్చుకోండి. కౌన్సిల్ వెబ్‌సైటులో మీ సైనిక కోర్సు వివరణ ఉచితంగా దొరుకుతుంది. మీరు శిక్షణ పొందిన సంవత్సరానికి చెందిన వివరణే తీసుకోండి, కోర్సు మారినప్పుడల్లా అది కూడా మారుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి, ఏ అంశం దేనికి సరిపోతుందో ఒక పేజీలో పట్టిక వేసి, విభాగాధిపతికి అర్జీ పెట్టండి. యుద్ధభూమి కథలు వద్దు. గౌరవంగా వింటారు, క్రెడిట్ మాత్రం ఇవ్వరు. పట్టిక చూసి ఇస్తారు.

మాజీమెడిక్:
నేను కాలేజీలో చేరకముందే ఇది ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

రిజిస్ట్రార్‌గది:
చేరకముందు అడిగితేనే మీ మాట చెల్లుతుంది. 'ఎన్ని తీసుకుంటారు' అని కాదు, 'తీసుకున్నాక నాకు ఇంకా ఎన్ని మిగులుతాయి' అని అడిగి, డిగ్రీ ఆడిట్ కాగితం (డిగ్రీకి ఏవి అయ్యాయో, ఏవి మిగిలాయో చూపే పత్రం) రాతపూర్వకంగా తీసుకోవాలి. నాలుగు కాలేజీలను అడిగితే నాలుగు రకాల లెక్కలు వస్తాయి.

గోదావరిగట్టు:
నేను ఇంకా యూనిఫాంలోనే ఉన్నాను. నా అనుభవం పరీక్షల గురించి. క్లెప్ పరీక్షలు (కోర్సు చదవకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునేవి) కాలేజ్ బోర్డు అనే పరీక్షల సంస్థవి, మొత్తం 34 విషయాల్లో ఉన్నాయి. చాలావరకు గంటన్నర పరీక్షలే. స్కోరు 20 నుంచి 80 వరకు ఉంటుంది, 50 వస్తే క్రెడిట్ ఇవ్వమని కౌన్సిల్ సిఫారసు. సర్వీసులో ఉన్నవాళ్లకు ఒక్కో విషయంలో మొదటి ప్రయత్నం రుసుము డాంటీస్ (సైనికుల చదువుకు సాయపడే రక్షణశాఖ సంస్థ) కడుతుంది. ట్యూషన్ అసిస్టెన్స్ (సర్వీసులో ఉన్నవాళ్లకు సైన్యం ఇచ్చే ఫీజు సాయం) క్రెడిట్‌కు 250 డాలర్ల దాకా ఇస్తుంది కదా, అంటే ఒక మూడు క్రెడిట్ల కోర్సును పరీక్షతో దాటిస్తే 750 డాలర్లు వేరే కోర్సుకు మిగిలినట్టే.

సోషియాలజీ, మేనేజ్‌మెంట్, అమెరికా ప్రభుత్వం, ఈ మూడూ వరుసగా గట్టెక్కాను. ఆ ఊపులో చదవకుండా కాలేజీ గణితం రాసి 47 దగ్గర ఆగిపోయాను. ఇంటర్‌లో ఎంపీసీ అన్న గర్వం అక్కడ దిగింది. మళ్లీ రాయాలంటే మూడు నెలలు ఆగాలి, రెండోసారి డబ్బు మనదే.

సప్లైసార్జెంట్:
డాంటీస్ మాట విని మాజీలు పరుగెత్తకండి. బయటికి వచ్చాక అది కట్టదు. జీఐ బిల్లు (సైన్యంలో చేసినవాళ్ల చదువుకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) కింద పరీక్ష రుసుము తిరిగి తీసుకోవచ్చు, కానీ మీ అర్హతలోంచి ఆ మేరకు కోత పడుతుంది.

ఇద్దరుపిల్లలతల్లి:
మావారు నేవీలో ఉన్నారు, నేను కాదు. భార్యలకు ఇవేమీ లేవనుకున్నాను. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు చెప్పి, కోర్సు పూర్తి చేస్తే క్లెప్ రుసుముకు వోచరు ఇస్తుంది. దానికి సైన్యంతో సంబంధం అక్కర్లేదు. పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటి నుంచి చదివి మూడు పరీక్షలు రాశాను.

నాలుగోది వేరే దారిలో ప్రయత్నించాను. ఆరేళ్లు ఇంట్లో డేకేర్ నడిపాను. దానికి పోర్ట్‌ఫోలియో (అనుభవంతో నేర్చుకున్నది రాసి, ఆధారాలు జత చేసే ఫైలు) పెడితే క్రెడిట్ ఇస్తామని కాలేజీవాళ్లు అన్నారు. మొదటిసారి ఇరవై పేజీలు రాశాను, ఎంత కష్టపడ్డానో, ఎందరు పిల్లలను పెంచానో అని. తిరిగొచ్చింది. మూల్యాంకనం చేసినావిడ ఒక్క వాక్యం రాశారు: మీరేం చేశారో తెలిసింది, ఏం నేర్చుకున్నారో తెలియలేదు. ఏడ్చాననే చెప్పాలి. రెండోసారి ఆ కాలేజీ శిశు వికాసం కోర్సులోని ఒక్కో లక్ష్యాన్నే తలకట్టుగా పెట్టి రాశాను. రెండేళ్ల పిల్లవాడు కొరికినప్పుడు ముందు ఏం చేసేదాన్ని, తర్వాత ఎందుకు మార్చుకున్నాను, ఆ మార్పుకు ఏ సిద్ధాంతం సరిపోతుంది అని. లైసెన్సు, శిక్షణ పత్రాలు, తల్లిదండ్రుల ఉత్తరాలు జత చేశాను. ఆరు క్రెడిట్లు అడిగితే మూడు ఇచ్చారు. ఆ మూడూ నా డిగ్రీలో తప్పనిసరి కోర్సుకే వెళ్లాయి.

నీలాకాశం:
ఎయిర్‌ఫోర్స్ వాళ్ల కథ వేరు. మాకు జేఎస్‌టీ కాదు, కమ్యూనిటీ కాలేజ్ ఆఫ్ ది ఎయిర్‌ఫోర్స్ ట్రాన్స్‌క్రిప్ట్ వస్తుంది. 1972లో పెట్టారు, గుర్తింపు ఉన్న కాలేజీయే. సాంకేతిక శిక్షణ నేరుగా అసోసియేట్ డిగ్రీలో (బ్యాచిలర్స్‌కు ముందు ఉండే రెండేళ్ల డిగ్రీ) కలిసిపోతుంది. అది పూర్తి చేసినవాళ్లను తీసుకుని ఇంకో 60 క్రెడిట్లతో బ్యాచిలర్స్ ఇచ్చే కాలేజీలతో ఒప్పందాలు కూడా ఉన్నాయి. నా సలహా ఒక్కటే: అసోసియేట్‌కు రెండు కోర్సులు తక్కువై ఉండగా బయటికి రావద్దు. నేను వచ్చాను.

కొత్తసభ్యుడు:
ఒక వెబ్‌సైటులో అనుభవం చూపిస్తే పదిహేను రోజుల్లో డిగ్రీ ఇస్తామంటున్నారు. ఎవరైనా తీసుకున్నారా?

రిజిస్ట్రార్‌గది:
తీసుకోకండి. అమెరికా విద్యాశాఖ గుర్తింపు కాలేజీల జాబితా ఆన్‌లైన్‌లో ఉంది, పేరు కొట్టి చూడండి. నిజమైన కాలేజీ అనుభవానికి క్రెడిట్ ఇస్తుంది, డిగ్రీ అమ్మదు.

సప్లైసార్జెంట్:
బయటి క్రెడిట్లు ఎక్కువగా తీసుకునే నిజమైన కాలేజీలు కావాలంటే మూడున్నాయి: న్యూజెర్సీలో థామస్ ఎడిసన్ స్టేట్, న్యూయార్క్‌లో ఎక్సెల్సియర్, కనెక్టికట్‌లో చార్టర్ ఓక్. మూడూ 1970ల తొలినాళ్లలో ఉద్యోగాలు చేసుకునే పెద్దల కోసం పుట్టినవే. గణితం కోర్సు ఈదలేని నేను చివరికి వాటిలో ఒకదాంట్లోనే గట్టెక్కాను. క్యాంపస్, స్నేహితులు, ఫుట్‌బాల్ ఆట కావాలనుకునేవాళ్లకు మాత్రం నచ్చవు.

గోదావరిగట్టు:
నాకూ ఒక అనుమానం. క్రెడిట్లు ఎక్కువ దొరికితే జీఐ బిల్లు నెలలు మిగులుతాయి కదా. బయటికి వచ్చాక మిగిలినవి పిల్లల పేరిట మార్చుకోవచ్చా?

రిజిస్ట్రార్‌గది:
బయటికి వచ్చాక కుదరదు. కనీసం ఆరేళ్ల సర్వీసు ఉండి, ఇంకో నాలుగేళ్లు చేస్తానని ఒప్పుకుని, యూనిఫాంలో ఉండగానే బదిలీ ఆమోదం తెచ్చుకోవాలి. అలా చేయనివాళ్లకు మిగిలిన నెలలు మాస్టర్స్‌కు పనికొస్తాయి. జీఐ బిల్లు కింద దొరికేవి మొత్తం 36 నెలలు. ఒక సెమిస్టరు తప్పితే నాలుగైదు నెలలు చేతిలో ఉన్నట్టే. ఇంకోటి, జీఐ బిల్లుతో చదివేవాళ్ల పాత శిక్షణను కాలేజీ పరిశీలించి, తగిన క్రెడిట్ ఇచ్చి, దాన్ని రికార్డులో పెట్టాలని నిబంధన ఉంది. 'మేము సైనిక ట్రాన్స్‌క్రిప్టులు చూడం' అని ఎవరైనా అంటే ఆ మాట గుర్తుచేయండి, మర్యాదగానే.

అరగంటతెలుగు:
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మనకు తెలుగు వచ్చు కదా, దానికీ క్రెడిట్ ఉంది. ఏక్ట్‌ఫల్ అనే భాషాసంస్థ ఫోనులో మౌఖిక పరీక్ష పెడుతుంది. ఇరవై ముప్పై నిమిషాలు అవతలివాళ్లతో తెలుగులో మాట్లాడటమే. వచ్చిన స్థాయిని బట్టి క్రెడిట్ల సిఫారసు కూడా ఉంది. నా డిగ్రీలో విదేశీ భాష తప్పనిసరి. స్పానిష్ రెండు సెమిస్టర్లు చదవాల్సిన చోట మా అమ్మ నేర్పిన భాష సరిపోయింది. కాలేజీ ఒప్పుకుంటుందో లేదో ముందే అడిగి రుసుము కట్టండి. మొదట్లో మామూలు ముచ్చట్లే, తర్వాత ఊహించని చోటికి లాగుతారు. పన్నుల విధానం మీద మీ అభిప్రాయం చెప్పండి అన్నారు. ఆ విషయంలో నాకు ఇంగ్లీషులో కూడా అభిప్రాయం లేదు.

ఇద్దరుపిల్లలతల్లి:
నాకు ఈ మాట రెండేళ్ల కిందటే తెలిసి ఉండాల్సింది!

మాజీమెడిక్:
రెండు నెలల తర్వాత మళ్లీ వస్తున్నాను. రిజిస్ట్రార్‌గది గారు చెప్పినట్టే మూడు కోర్సులకు పట్టికలు వేసి అర్జీ పెట్టాను. వైద్య పరిభాష: ఇచ్చారు, 3 క్రెడిట్లు. ఆరోగ్య సంస్థల్లో నాయకత్వం: నా సార్జెంట్ నాయకత్వ కోర్సు చూపించాను, విభాగాధిపతి అరగంట మాట్లాడి ఇచ్చారు, ఇంకో 3. శరీర నిర్మాణ శాస్త్రం: కుదరదన్నారు. శాన్ ఆంటోనియోలో పదహారు వారాలు నేర్చుకున్నదంతా చూపించినా, అందులో ప్రయోగశాల భాగం సరిపోదని కారణం. నాకు కోపం వచ్చింది, కానీ ఆవిడ సిలబస్ తెరిచి చూపిస్తే కాదనలేకపోయాను. గాయం కట్టడం వచ్చినంత మాత్రాన కణజాలం స్లైడు గుర్తుపట్టడం రాదు.

లెక్క 11 నుంచి 17కి వచ్చింది. బుట్టలో ఇంకా 24 ఉన్నాయి. ఎమర్జెన్సీ మెడికల్ కేర్ క్రెడిట్లను మైనర్ (ప్రధాన సబ్జెక్టుకు తోడుగా తీసుకునే రెండో సబ్జెక్టు) కింద చూపించే వీలుందేమోనని వచ్చే మంగళవారం అడ్వైజర్‌ను కలుస్తున్నాను. ఆలోపు ఇలాంటి మైనర్ ఎవరికైనా ఒప్పుకుని ఉంటే, మీ పట్టిక ఒకసారి చూపించండి.