ఉబుంటు 24.04: కెర్నల్ 6.14 వచ్చాక బీసీఎం43142 వైఫై పనిచేయడం లేదు

ప్రశ్న

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది బ్రాడ్‌కామ్ వాళ్ల బీసీఎం43142 వైఫై చిప్. మామూలు అప్‌డేట్‌తోనే కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే ఓఎస్ మూలభాగం) 6.11 నుంచి 6.14కి మారింది. రీబూట్ చేశాక వైఫై లేదు. ‘ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే’ కొడితే ఆ చిప్ ఐడీ 14ఈ4:4365 కనిపిస్తోంది, దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ లైన్ మాత్రం రావడం లేదు. గ్రబ్‌లో (బూట్ మెనూలో) పాత కెర్నల్ ఎంచుకుంటే బాగానే ఉంది. ఓఎస్ మళ్లీ ఎక్కించకుండా దారి ఉందా అండీ?

జవాబు 1

మళ్లీ ఎక్కించినా ఇదే గొడవ వస్తుందండీ. ఈ చిప్‌ని కెర్నల్‌లో ఉన్న బీ43, బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్ డ్రైవర్లు రెండూ నడపలేవు. బయటి నుంచి తెచ్చుకునే డబ్ల్యూఎల్ అనే డ్రైవర్ మాడ్యూలే దిక్కు. కెర్నల్ మారినప్పుడల్లా డీకేఎంఎస్ అనే టూల్ దాన్ని కొత్తగా కంపైల్ చేయాలి.

ముందు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టుకోండి, నెట్ వస్తుంది. 6.14లో బూట్ అయి ‘డీకేఎంఎస్ స్టేటస్’ చూడండి. 6.14 పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని లేకపోతే కంపైల్ దగ్గరే ఆగిందన్నమాట. ఇమేజ్ ప్యాకేజీ ఒక్కటే వేసుకున్న మెషీన్లలో హెడర్స్ (కంపైల్‌కి కావాల్సిన కెర్నల్ ఫైళ్లు) ఉండవు, ఎక్కువగా కారణం అదే. ‘లినక్స్-హెడర్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-24.04’ వేసి, ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ బీసీఎండబ్ల్యూఎల్-కెర్నల్-సోర్స్’ కొట్టండి.

హెడర్స్ ఉన్నా ఆగితే, వార్/లిబ్/డీకేఎంఎస్ కింద బిల్డ్ ఫోల్డర్‌లోని మేక్.లాగ్‌లో మొదటి ‘ఎర్రర్’ లైన్ ఇక్కడ పెట్టండి. చివరి లైన్ వల్ల ఉపయోగం లేదు.

జవాబు 2

పైదానికి ఒకటి కలుపుతాను. స్టేటస్‌లో ‘ఇన్‌స్టాల్డ్’ అనే ఉండి, ‘సుడో మోడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్’ కొడితే ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని వస్తే అది సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని మాడ్యూళ్లను ఆపే రక్షణ) అడ్డు. ‘సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ’ నడిపి ఒక పాస్‌వర్డ్ ఇవ్వండి. రీబూట్‌లో నీలం తెర వస్తుంది. అక్కడ ‘ఎన్‌రోల్ మోక్’, ‘కంటిన్యూ’, ‘యెస్’, తర్వాత అదే పాస్‌వర్డ్. ఆ తెర కాసేపట్లో దానంతటదే పోతుంది, కనిపించగానే ఏదో ఒక కీ నొక్కండి. సెక్యూర్ బూట్ ఆపేయమని చాలామంది చెబుతారు, దయచేసి ఆ పని చేయొద్దు.

జవాబు 3

ఇప్పటికి బాగైనా మళ్లీ వస్తుంది. ఈ డ్రైవర్ అసలు సోర్స్ 2015లోనే ఆగిపోయింది. అప్పటి నుంచి ప్యాచ్‌లు వేస్తూ నెట్టుకొస్తున్నది డిస్ట్రోల (ఉబుంటు లాంటి లినక్స్ రకాల) వాళ్లే. హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఉబుంటు ఇచ్చే కొత్త కెర్నళ్ల) దారిలో ఆరు నెలలకోసారి కొత్త కెర్నల్ వస్తుంది, ప్యాచ్ ఆలస్యమైతే వైఫై పోతుంది. పాత ల్యాప్‌టాప్‌కి ఆ కొత్త కెర్నల్ వల్ల ఒరిగేదీ పెద్దగా లేదు. ‘లినక్స్-జెనరిక్’ వేసుకుంటే 6.8 వస్తుంది, దానికి 2029 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఉంటాయి. 6.8లో బూట్ అయి వైఫై చూసుకున్నాకే హెచ్‌డబ్ల్యూఈ మెటా ప్యాకేజీనీ (కొత్త కెర్నళ్లను లాక్కొచ్చే ప్యాకేజీ), 6.11, 6.14 ఇమేజ్‌లనూ తీసేయండి. అవి ఉన్నంతకాలం గ్రబ్ పెద్ద నంబర్‌నే ఎంచుకుంటుంది.

కార్డు మార్చేస్తే ఇంకా మేలు. ఇంటెల్ 3160 అయితే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. కొనేముందు మూత తీసి స్లాట్ హాఫ్ మినీ పీసీఐఈనా, ఎం.2నా చూడండి. 43142కి యాంటెనా తీగ ఒకటే చాలు, 3160కీ అంతే. 7260కి రెండు కావాలి. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయాస్ తన జాబితాలో లేని కార్డు పెడితే బూటే అవ్వదు. మీ మోడల్‌కి ఆ తంటా ఉందేమో ముందే కనుక్కోండి.