టెక్సస్‌లో తక్కువ ఖర్చుతో కుటుంబ సమేతంగా అడవిపందుల వేట: వెళ్లడం సబబేనా?

ఫ్రిస్కో తండ్రి:
మేము డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాము. పెద్దవాడికి 14 ఏళ్లు, చిన్నదానికి 9. మార్చి సెలవుల్లో, ఇండియా నుంచి వచ్చే మా మామగారితో కలిసి ఒక రాత్రి అడవిపందుల వేటకు వెళ్లాలని అనుకుంటున్నాము. ఒక రాంచ్ (పెద్ద పశువుల క్షేత్రం) వారు తుపాకి పట్టే ఒక్కొక్కరికి 300 డాలర్లు, ఊరికే చూసేవారికి 75 డాలర్లు అడిగారు. బస, మాంసం కోత అదనం. 2019 సెప్టెంబరు 1 నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందిని వేటాడడానికి లైసెన్సు అవసరం లేదు కనుక ఆ ఖర్చు మిగులుతుందని లెక్క వేశాను. ఇంతకంటే చవకైన దారి ఉందా? అసలు పిల్లలను తీసుకువెళ్లడం సబబేనా? ఈ విషయంలో మా ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు.

వేరుశనగ రైతుబిడ్డ:
నిస్సంకోచంగా వెళ్లండి. మాది అనంతపురం జిల్లా. కాయ ఊరే రోజుల్లో పందుల మంద ఒక్క రాత్రి చేలో పడితే, తెల్లవారేసరికి సాళ్లకు సాళ్లు ముట్టెతో పెళ్లగించి ఉంటాయి, వాడిన తీగల పక్కన నమిలి ఊసిన పొట్టు తప్ప మరేమీ మిగలదు. మా నాన్నగారు మంచె మీద డబ్బా వాయిస్తూ గడిపిన రాత్రులు నాకింకా గుర్తున్నాయి. అక్కడ 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉన్నందున రైతు తన ఇష్టానికి వాటిని చంపలేడు. టెక్సస్‌లో అవి స్థానిక జంతువులు కావు; స్పెయిన్ వారు తెచ్చిన పెంపుడు పందులు అడవి పట్టగా, 1930ల్లో వేట కోసం తెచ్చి వదిలిన యూరప్ అడవిపందులు వాటితో కలిశాయి. వేటకు కాలపరిమితి లేదు, సంఖ్యాపరిమితి లేదు. మీ సెలవు సరదా ఒక రైతుకు మేలు చేస్తుంటే అందులో తప్పేముంది?

బ్రజోస్ ఒడ్డు:
రైతుబిడ్డ గారి బాధ నిజమే, కానీ ఆయన తీర్మానంతో నేను ఏకీభవించలేను. టెక్సస్‌లో ఈ పందులు 26 లక్షలని చాలాకాలంగా చెబుతున్న అంచనా; వాటిలో ఏటా దాదాపు మూడింట రెండు వంతులను తొలగిస్తేనే సంఖ్య పెరగకుండా ఆగుతుందని ఇక్కడి విశ్వవిద్యాలయ నిపుణులు అంటారు. చూలు కట్టిన నాలుగు నెలలు నిండకుండానే ఈనే జంతువు ముందు మీ రెండు తూటాలు ఏ మూలకు? పైగా మందలో ఒకదాన్ని కాల్చితే మిగిలినవి చెదిరి పక్క పొలంలో పడతాయి, తుపాకి చప్పుడు ఎరిగినవి ఆ తరువాత బోను దరికి కూడా రావు. టెనెసీ 1999లో రాష్ట్రమంతటా వేటకు తలుపులు తెరిస్తే పందులు తగ్గలేదు సరికదా, వేట కోసం వాటిని కొత్త చోట్లకు తెచ్చి వదిలినవారి వల్ల మరింత వ్యాపించాయి. 2011లో ఆ విధానాన్ని మార్చుకోవలసి వచ్చింది. కాన్సస్ 2006లోనే వినోద వేటను నిషేధించింది. వేటగాడికి 300 డాలర్ల చొప్పున వచ్చే రాంచ్ యజమాని తన భూమిలో పందులు లేకుండా పోవాలని కోరుకుంటాడా? వెళ్లండి, కాదనను, రైతుసేవ అని మాత్రం పేరు పెట్టకండి.

ఇర్వింగ్ లెక్కలవాడు:
ధర్మాధర్మాల సంగతి అలా ఉంచి, ఫ్రిస్కో తండ్రి గారు మిగిలిందనుకున్న ఆ 25 డాలర్ల లైసెన్సు ఖర్చు దగ్గరే అసలు ప్రమాదం ఉంది. మీరు హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నారా? వలసేతర వీసాపై వచ్చినవారు తుపాకి కలిగి ఉండడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఆ నిషేధానికి ఉన్న కొద్దిపాటి మినహాయింపులలో మనవంటివారికి అందుబాటులో ఉండేది ఒకటే: అమెరికాలో జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండడం. పందికి లైసెన్సు అక్కర్లేదన్నది టెక్సస్ మాట. ఆ మాట నమ్మి రాంచ్ వారు అరువిచ్చిన తుపాకిని చేతిలోకి తీసుకున్నా, ఫెడరల్ చట్టం దృష్టిలో మీరు దాన్ని కలిగి ఉన్నట్లే. పర్యాటక వీసాపై వచ్చే మీ మామగారికీ, మీ కుటుంబసభ్యుడిగా హెచ్-4 వీసాపై ఉన్న మీ అబ్బాయికీ ఇదే వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఈ బెడద లేదు. లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది కనుక పాతది జేబులో ఉందని ధీమా పడకండి. నిజంగా చవక కావాలంటే ఏడాదికి 48 డాలర్ల ప్రభుత్వ భూముల వేట అనుమతి ఉంది, కానీ అక్కడ లైసెన్సు తప్పనిసరి, నారింజరంగు చొక్కా తొడగాలి, ఏ భూమికి ఆ భూమి నియమాలు వేరు.

ఇద్దరు పిల్లల తల్లి:
మేము నిరుడు వెళ్లి వచ్చాము. పందులను రప్పించడానికి టైమర్ పెట్టిన మేతడబ్బా సాయంత్రం గిర్రున తిరిగి మొక్కజొన్నలు చిమ్మిన పది నిమిషాలకు పందులు వచ్చాయి. అంతవరకు మా పదేళ్ల పాప హుషారుగానే ఉంది. తల్లిపంది పడిన తరువాత దాని పిల్లలు మళ్లీ అదే చోటికి వచ్చి వాసన చూడడం అది చూసింది, ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. పద్నాలుగేళ్ల అబ్బాయిని తీసుకువెళ్లండి, తొమ్మిదేళ్ల పాపను ఇంట్లో ఉంచండి అన్నది నా సలహా. ఇంకొక మాట: కోసేటప్పుడు చేతి తొడుగులు లేకుండా రక్తం ముట్టుకోవద్దు, బ్రుసెల్లా అనే బ్యాక్టీరియా సోకే ప్రమాదముంది. మాంసం లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడకాలి. ముదురు మొగపంది కూరకు పనికిరాదు, కంపు కొడుతుంది.

ఫ్రిస్కో తండ్రి:
లెక్కలవాడు గారికి కృతజ్ఞతలు. నేను హెచ్-1బి మీదనే ఉన్నాను, ఈ సంగతి రాంచ్ వారు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నాకూ అబ్బాయికీ లైసెన్సులు తీసుకుంటాను. మామగారు తుపాకి ముట్టరు, చూసే 75 డాలర్లు ఆయన ఒక్కరికే చెల్లిస్తాము. పాప తల్లితో ఇంట్లోనే ఉంటుంది. బ్రజోస్ ఒడ్డు గారూ, మీ మాట విన్నాక ఆఫీసులో సహోద్యోగి ఒకరిని అడిగాను. వాళ్ల అన్నగారికి వేకో దగ్గర జొన్న పొలం ఉందట, మందను మొత్తంగా పట్టే బోను బిగించడానికి మనుషులు కావాలట. వేటకు ముందు ఒక శనివారం అక్కడికి వెళ్తున్నాము. ఇనుప పలకలు మోయగలవారు ఎవరైనా వస్తారా?