బ్రాయిలర్ ఇంటిగ్రేషన్: లిఫ్టింగ్ ఆలస్యమైతే నష్టం ఎవరి ఖాతాలో?

షెడ్డుమనిషి:
ఇంటిగ్రేషన్ అంటే కంపెనీ కోళ్లను రైతు తన షెడ్డులో కూలికి పెంచడం. పిల్ల, దాణా, మందు కంపెనీవి. షెడ్డు, ఊక, కరెంటు, చాకిరీ రైతువి. పెరిగిన కోళ్లను ఎత్తుకెళ్లే (లిఫ్టింగ్) బండి ఎప్పుడు పంపాలన్నది మాత్రం కంపెనీ ఇష్టం. 40 రోజులకు కోడి 3.4 కిలోలు తిని 2.1 కిలోలు తూగిందనుకోండి, ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు తిన్న దాణా) 1.62. అక్కణ్నుంచి రోజుకు 195 గ్రాములు తింటే పెరిగేది 90 గ్రాములే. బండి 45వ రోజున వస్తే ఎఫ్‌సీఆర్ 1.72కు చేరుతుంది. అది పెరిగిందని గ్రోయింగ్ ఛార్జీలో (రైతుకిచ్చే పెంపకం కూలిలో) కోత రైతుకెందుకు?

దాణాలెక్క:
అన్నా, చాలాచోట్ల ఛార్జీ కట్టేది సీఎఫ్‌సీఆర్ (బరువును బట్టి సవరించిన ఎఫ్‌సీఆర్) మీద. సగటు బరువు 2 కిలోలు దాటినంత మేరా 0.25తో హెచ్చవేసి ఎఫ్‌సీఆర్‌లోంచి తీసేస్తారు. మీ అంకెలే వేస్తే 40వ రోజున దాదాపు 1.60, 45వ రోజున 1.58. కిలోకింత అని ఇస్తారు కాబట్టి బరువు పెరిగితే రైతుకే లాభం. 2020లో కరోనా పుకార్లకు చికెన్ రేటు కుప్పకూలింది. అలాంటప్పుడు కోడి కంపెనీదే, రేటు దెబ్బా దానిదే.

ఊకబస్తా:
ఆ సవరణ కోడి రోజూ 90 గ్రాములు పెరిగితేనే నిలుస్తుంది. మే ఎండలకు మేత తగ్గుతుంది, ముందు పోయేది బరువెక్కిన కోడే. అప్పటికి తిన్న 4 కిలోల దాణా లెక్కలో ఉంటుంది, దాని బరువు ఉండదు. 5,000లో 100 పోతే 8 బస్తాల దాణా గాల్లో కలిసినట్టే. ఏ సవరణా దాన్ని తీసెయ్యదు. బ్యాచ్‌కి 5 రోజుల చొప్పున జారినా ఏడాదికి 6 బ్యాచ్‌లకు నెల పోయింది.

షెడ్డుమనిషి:
గట్టిగా అడిగితే వచ్చే జవాబు: "ఈసారి పిల్లలు తక్కువున్నాయి." అంటే తర్వాతి బ్యాచ్ రాదు. షెడ్డు ఖాళీగా ఉన్నా బ్యాంకు కిస్తీ ఆగదు. ఆ భయంతోనే చాలామంది నోరు మెదపరు.

దాణాలెక్క:
రాత్రిపూట దాణా బస్తాలు బయటికి పోయే షెడ్లూ ఉన్నాయి, ఆ సంగతీ మాట్లాడాలి కదా?

ఊకబస్తా:
మాట్లాడదాం. దానికి బస్తాల లెక్క, తూకం ఉన్నాయి, ఒప్పందంలో రికవరీ (రైతు నుంచి వసూలు) కూడా రాసుకున్నారు. ఆలస్యానికి అలాంటి షరతు ఏదీ? 42వ రోజు దాటాక చచ్చిన కోళ్లు, అవి తిన్న దాణా కంపెనీ ఖాతాలో వేయాలి. షెడ్డుకు రోజుకింత అద్దె కట్టాలి. బండి వచ్చే గంట ముందే రాసివ్వాలి. రాత్రి 10కి అని మేత తీయించి తెల్లవారుజామున 4కు వస్తే తరుగు రైతు తూకంలోనే పడుతోంది. కంపెనీలు నాలుగైదు పోటీపడే చోట ఇవి అడగొచ్చు. ఒక్కటే ఉన్నచోట సంఘంగా వెళ్లాల్సిందే.

దాణాలెక్క:
శ్రావణం, కార్తీకంలో అమ్మకాలు పడిపోతాయి. 42 రోజులకే ఎత్తి ఎక్కడ అమ్మమంటారు?

ఊకబస్తా:
శ్రావణం ఎప్పుడొస్తుందో ఉగాదికే తెలుసు. గుడ్లు పొదగడానికి 21 రోజులు, పెంపకం 40. రెండు నెలల ముందే హ్యాచరీలో గుడ్లు తగ్గించి పెట్టుకోవచ్చు. ఆ పని చేయగలిగింది కంపెనీ ఒక్కటే.