ఎర్ర సిగ్నల్ ముందు ఆగిన రైలు: యూరప్‌లో డ్రైవరు వైపు నుంచి, ప్రయాణికుల వైపు నుంచి (చర్చ)

రైన్‌తీర_డ్రైవరు:
జర్మనీ పశ్చిమ భాగంలో ప్రాంతీయ రైళ్లు నడపడం నా ఉద్యోగం. ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగువారు కలిసినప్పుడల్లా రైళ్ల ఆలస్యం ప్రస్తావనకు వస్తుంది, ఆ వెంటనే ‘డ్రైవర్లకు పట్టింపు లేదు’ అన్న మాట కూడా వస్తుంది. ఆలస్యం సంగతి నేను కాదనలేను. 2024లో ఇక్కడి దూరప్రయాణ రైళ్ల సమయపాలన 62.5 శాతం, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోని పద్ధతిలో. అయితే క్యాబ్‌లో కూర్చున్న మనిషి చేతిలో ఏముందో, ఏది లేదో బయటివారికి తెలిసే వీలు తక్కువ కాబట్టి, నాకు తెలిసినంత రాస్తున్నాను. ప్రయాణికులుగా మీ అనుభవాలు కూడా రాయండి.

వారానికి ఒకసారైనా నాకు ఎదురయ్యే సంగతి ఇది. కొలోన్ ప్రధాన స్టేషన్‌కు తూర్పు వైపు నుంచి వచ్చే చాలా రైళ్లు డాయిట్స్ స్టేషన్ దాటి, రైన్ నది మీద ఆరు లైన్లు ఉన్న హోహెన్‌జోలర్న్ వంతెన ఎక్కాలి. అవతల ప్లాట్‌ఫారం ఖాళీ లేకపోతే వంతెనకు ఇవతలే సిగ్నల్ ఎర్రగా ఉంటుంది. ఎదురుగా కేథడ్రల్ జంట గోపురాలు కనిపిస్తూనే ఉంటాయి. ప్రయాణికులు బ్యాగులు భుజాన వేసుకుని తలుపుల దగ్గర నిలబడి గడియారం చూసుకుంటూ ఉంటారు. రైలు మాత్రం కదలదు. ఆ సమయంలో సిగ్నల్ ఇచ్చేవారు కారణం చెబితేనే నాకూ తెలుస్తుంది, చాలాసార్లు వారికి చెప్పే తీరిక ఉండదు. కండక్టరు లేని రైలులో మైకులో మాట్లాడవలసింది నేనే. కారణం తెలియకుండానే వందల మందికి ఏదో ఒకటి చెప్పవలసి రావడం ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది.

సొంత నిర్ణయంతో ఎర్ర దీపం దాటడం ఇక్కడ కుదరదు. ప్రధాన మార్గాల్లో ఆగవలసిన సిగ్నల్‌కు సాధారణంగా 1,000 మీటర్ల ముందే హెచ్చరిక సిగ్నల్ ఉంటుంది, దాని పక్కన పట్టాన్ని ఆనుకుని ఒక అయస్కాంత పరికరం ఉంటుంది. దాని మీదుగా వెళ్లగానే నాలుగు సెకన్లలో నేను బటన్ నొక్కి ‘చూశాను’ అని తెలపాలి, లేకపోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి. నొక్కిన తర్వాత మా తరహా ప్రయాణికుల రైలు 23 సెకన్లలో గంటకు 85 కిలోమీటర్ల వేగానికి దిగిరావాలి. సిగ్నల్‌కు 250 మీటర్ల ముందు మరో పరికరం వేగాన్ని మళ్లీ కొలుస్తుంది, సిగ్నల్ దగ్గర ఉన్న మూడోది దాటితే రైలును నిలిపివేస్తుంది.

ఆహెన్_విద్యార్థిని:
మీరు ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు అండి. నా మనసులో చాలాకాలంగా ఉన్న ఒక బాధ కూడా చెబుతాను. నిరుటి చలికాలం రాత్రి ఒక జంక్షన్‌లో రైలు మారవలసి ఉంది. నేను వచ్చిన రైలు ఏడు నిమిషాలు ఆలస్యమైంది. పెట్టె మోసుకుంటూ మెట్లు దిగి, మళ్లీ ఎక్కి చేరేసరికి నేను ఎక్కవలసిన రైలు ఎదురుగానే ఉంది. తలుపు మీద బటన్ నొక్కితే చుట్టూ వెలగవలసిన పచ్చ దీపం వెలగలేదు. డ్రైవరు పక్క కిటికీలోంచి నా వైపు చూశారు కూడా. అయినా రైలు వెళ్లిపోయింది. తర్వాతి రైలు గంటకు. చలిలో ఆ గంటసేపు నాకు ఏడుపు ఆగలేదు. చూసి కూడా తలుపు ఎందుకు తెరవరు?

రైన్‌తీర_డ్రైవరు:
అమ్మా, అలా కిటికీలోంచి చూసిన డ్రైవరు స్థానంలో నేను ఎన్నోసార్లు ఉన్నాను. ఆ ముఖాలు డ్యూటీ దిగి ఇంటికి వెళ్లాక కూడా గుర్తుకు వస్తాయి.

బయలుదేరే సిగ్నల్ పచ్చగా మారిందంటే, స్టేషన్ బయట రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లన్నీ నా రైలు కోసం సర్ది బిగించి ఉంచారని అర్థం. నేను కదిలి ఆ చోటు ఖాళీ చేసేదాకా, ఆ దారిని అడ్డంగా దాటవలసిన మరో రైలు ఎక్కడో ఎర్ర దీపం ముందు నిలబడి ఉంటుంది. తలుపులు బిగుసుకున్న తర్వాత ఒక్కరి కోసం తెరిస్తే, వెనుక నుంచి పరుగెత్తి వచ్చే మరో ముగ్గురు ఎక్కుతారు, తలుపులు మళ్లీ మూసి, కెమెరాల్లో చూసి, అన్నీ బిగిశాయని దీపం వచ్చేసరికి అర నిమిషం దాటుతుంది. ఆ అర నిమిషానికి అవతల ఆగిన రైలులోని వారికి తర్వాతి జంక్షన్‌లో రైలు తప్పిపోవచ్చు. మీ ముఖం నాకు కనిపిస్తుంది, వారి ముఖాలు కనిపించవు. కలిపే రైలు కోసం ఆగాలా వద్దా అన్నది కూడా రైళ్ల రాకపోకలను చూసుకునే కంట్రోలు కార్యాలయం తేల్చవలసిన విషయం. మీరు వచ్చిన రైలులో కండక్టరు ఉంటే ముందుగానే చెప్పండి, వారు కంట్రోలుకు తెలియజేస్తారు. ఆదేశం వస్తే మేము తప్పకుండా ఆగుతాము.

కాజీపేట_షెడ్:
నేను దక్షిణ మధ్య రైల్వేలో లోకో పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వైపు వెళ్లే హైస్పీడ్ రైలులో ప్రయాణించాను. డ్రైవరు క్యాబ్ వెనుక అద్దం, ఆ అద్దం వెనుకే మన సీట్లు. ప్రయాణమంతా నేను కిటికీ బయటకు చూడలేదు బాబూ, ఆయన చేతులే చూస్తూ కూర్చున్నాను. క్యాబ్‌లో ఒక్కరే మనిషి. మా దగ్గర అసిస్టెంటు పక్కన ఉంటాడు, ప్రతి సిగ్నల్‌నూ ఇద్దరం చెయ్యి చూపి గట్టిగా పలకాలి. ఇక్కడ ఆ పలుకు లేదు. పైగా ఆయన ముందున్న అద్దంలోంచి దారి పక్కన సిగ్నల్ దీపాలే కనిపించలేదు.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఆ లైనులో వెయ్యికి 40, అంటే 25 మీటర్లకు ఒక మీటరు ఎక్కే వాలు ఉందని అల్లుడు చెప్పాడు. మన దేశంలో ముంబై, పుణె మధ్య ఉన్న భోర్ ఘాట్‌లో 37కు ఒకటి వాలు ఎక్కించడానికే వెనుక బ్యాంకర్ ఇంజన్లు పెట్టి నెడతారు. ఇక్కడ అంతకంటే నిటారుగా ఉన్న దారిలో గంటకు 300 కిలోమీటర్ల దాకా వెళుతున్నా కాఫీ కప్పు కదలలేదు. ఆ డ్రైవరు నిద్రపోతే పట్టుకునేదేమిటి? మాకు ఒక నిమిషం పాటు ఏ మీటనూ ముట్టకపోతే విజిలెన్స్ పరికరం హెచ్చరిస్తుంది.

రైన్‌తీర_డ్రైవరు:
నమస్కారం అండి. మీ వంటివారు చదువుతున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

గంటకు 160 కిలోమీటర్లు దాటి నడిపేటప్పుడు దారి పక్క దీపాన్ని చూసి ఆపడం మీద ఆధారపడకూడదన్నది ఇక్కడి నియమం. మీరు వెళ్లిన లైనులో పట్టాల మధ్య ఒక కేబుల్ పరచి ఉంటుంది. ముందు ఎంత దూరం ఖాళీగా ఉందో, ఎంత వేగంతో వెళ్లవచ్చో దాని ద్వారానే డ్రైవరు ముందున్న తెర మీదికి వస్తుంది. ఇక ఆ వాలు సంగతి, మోటార్లు ఒక్క ఇంజన్‌లో కాకుండా రైలు పొడవునా పెట్టెల కింద పంచి ఉంటాయి. సగం ఇరుసులు రైలును లాగుతాయి కాబట్టే ఆ వాలు ఎక్కగలుగుతోంది.

నిద్ర విషయానికి వస్తే, కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. దాన్ని తొక్కి పట్టుకోవాలి, ప్రతి 30 సెకన్ల లోపు ఒకసారి వదిలి మళ్లీ తొక్కాలి. మరిస్తే దీపం వెలుగుతుంది, రెండున్నర సెకన్ల తర్వాత శబ్దం వస్తుంది, మరో రెండున్నర సెకన్లకు బ్రేకు పడుతుంది. మొదటి ఏడాది సినిమా హాల్లో కూర్చున్నా నా కాలు దానంతట అదే లేచి పడుతూ ఉండేది.

జ్యూరిక్_నివాసి:
స్విట్జర్లాండ్‌లో ఆలస్యం అంటే మూడు నిమిషాలే. ఆ పట్టుదల వెనుక ఉన్న ఆలోచన చెప్పాలి. 1982 నుంచి ఇక్కడ రైళ్లు ప్రతి గంటా ఒకే నిమిషానికి బయలుదేరుతాయి. 2004 డిసెంబరులో కొత్త లైను తెరిచాక జ్యూరిక్ నుంచి బెర్న్‌కు 56 నిమిషాలు పడుతోంది. గంటకు కాస్త తక్కువ అన్న ఆ లెక్క కావాలని పెట్టుకున్నదే. రైళ్లన్నీ గంట కొట్టే ముందు పెద్ద స్టేషన్‌కు చేరి, గంట దాటాక కదిలితే అన్ని దిక్కులకూ మారే వీలు దొరుకుతుంది. ఉత్తరాన జర్మనీ నుంచి బాగా ఆలస్యంగా వచ్చిన రైలును కొన్నిసార్లు సరిహద్దు నగరమైన బాజెల్‌లోనే ఆపి, అక్కడి నుంచి ఇక్కడి రైలును సమయానికి నడిపిస్తారు. సామానుతో దిగవలసిన వారికి అది ఇబ్బందే, కానీ ఇది సరైన నిర్ణయమని నా నమ్మకం.

డస్సెల్‌డార్ఫ్_కుటుంబం:
ఒక ప్రశ్న. పోయిన నెల మేము పిల్లలతో ఉన్న రైలును, ముందు లైను మూసివేసి ఉందని ఒక చిన్న స్టేషన్‌లో ఆపేశారు. పక్క దారి తెరిచే ఉంది, వేరే రైళ్లు దాని మీద వెళుతూనే ఉన్నాయి. మాకు మాత్రం ‘ఈ రైలు ఇంతటితో ఆఖరు’ అన్నారు. డ్రైవరు ఉన్నారు, రైలు ఉంది, దారి ఉంది. ఇది నిర్లక్ష్యం కాక మరేమిటి?

రైన్‌తీర_డ్రైవరు:
పిల్లలతో అలా చిక్కుకోవడం ఎంత కష్టమో ఊహించగలను. మీ రైలు విషయంలో ఏం జరిగిందో నాకు తెలియదు, కానీ ఇలాంటి సందర్భాలకు ఒక కారణం నాకు బాగా తెలుసు. రైలు నడిపే లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏ దారిలోనైనా నడపడానికి వీలు లేదు. ఆ దారిలో ముందు ప్రయాణించి, సిగ్నళ్లు, వాలులు, వేగ పరిమితులు, జంక్షన్లు నేర్చుకున్నట్టు నమోదై ఉండాలి. చాలాకాలం ఆ దారిలో వెళ్లకపోతే ఆ అర్హత పోతుంది. పక్క దారి తెలిసిన డ్రైవరు దొరికి పక్కన కూర్చుంటే తప్ప నేను రైలును అటు తిప్పలేను. దేశం మారితే భాష కూడా రావాలి, సరిహద్దు దాటే డ్రైవరుకు అక్కడి భాష బీ1 (మధ్యస్థ) స్థాయిలో తెలిసి ఉండాలన్నది యూరప్ నియమం. కరెంటు కూడా మారుతుంది. ఇక్కడ 15,000 వోల్టుల ఏసీ, నెదర్లాండ్స్‌లో ఎక్కువ భాగం 1,500 వోల్టుల డీసీ, బెల్జియం పాత లైన్లలో 3,000 వోల్టుల డీసీ.

మీకు పనికివచ్చే మాట ఒకటి: గమ్యానికి 20 నిమిషాలు లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యమవుతుందని తేలితే, ఒకే రైలుకు కట్టుబడిన చౌక టికెట్‌తో కూడా వేరే రైలు ఎక్కవచ్చు. గంట దాటితే సాధారణంగా టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం అడగవచ్చు.

కాజీపేట_షెడ్:
దారి నేర్చుకోవడాన్ని మేము లెర్నింగ్ రోడ్ అంటాము. కాజీపేట నుంచి బల్లార్షా దాకా నేను నేర్చుకున్నప్పుడు ఒక చిన్న నోటుపుస్తకం జేబులో పెట్టుకుని, పగలు ఒక రంగు సిరాతో, రాత్రి ఒక రంగు సిరాతో గుర్తులు రాసుకున్నాను. రామగుండం దాటాక మంచిర్యాలకు ముందు గోదావరి వంతెన వస్తుంది. రాత్రిపూట చక్రాల చప్పుడు మారగానే, చూడకుండానే వంతెన ఎక్కామని తెలిసేది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మీ రైన్ వంతెనకు ముందు మీరు రాసుకున్న గుర్తులు ఏమిటో చెప్పండి బాబూ, ఈసారి వచ్చినప్పుడు ముందు పెట్టెలో కూర్చుని వాటిని చూడాలని ఉంది.