చైనా అమ్మాయి ఇంటి అద్దెకు గ్యారంటర్‌గా సంతకం పెట్టొచ్చా?

యార్క్‌షైర్_నర్సు:
అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక గదిలో రెండేళ్లుగా చెంగ్డూ నుంచి వచ్చిన అమ్మాయి అద్దెకు ఉంటోంది. ఇక్కడే డిగ్రీ చదువుతోంది, ఇంకో ఏడాది ఉంది. నన్ను "ఆయీ" అని పిలుస్తుంది, వాళ్ల భాషలో పిన్ని అన్నట్టు. ఒకసారి నాకు నైట్ డ్యూటీ పడింది, మా ఆయన ఊళ్లో లేరు. పాపకు జ్వరం వస్తే ఆ పిల్లే తెల్లవార్లూ పక్కన కూర్చుంది. ఇప్పుడు మా అత్తగారు, మామగారు వస్తున్నారని గది ఖాళీ చేయమని నేనే అడగాల్సి వచ్చింది.

ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి ఒక ఇల్లు చూసుకుంది. నెలకు 2,080 పౌండ్లు, తన వాటా 520. యూకేలో ఉండే గ్యారంటర్, అంటే తను అద్దె కట్టకపోతే మేం కడతామని సంతకం పెట్టేవాళ్లు, కావాల్సిందేనని ఏజెంటు పట్టుబట్టాడు. ఆరు నెలల అద్దె ముందే కట్టేస్తానని వాళ్ల నాన్న అన్నా కుదరలేదు. ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి ఒక నెలకు మించి అద్దె ముందుగా తీసుకోకూడదట. గ్యారంటర్ దొరకని విదేశీ విద్యార్థులు ఇన్నాళ్లూ ఆ దారిలోనే ఇళ్లు తీసుకునేవాళ్లు.

నిన్న వాళ్ల నాన్న వీచాట్‌లో వీడియో కాల్ చేశారు. ఆయన మాట్లాడుతుంటే అమ్మాయి తలవంచుకుని నాకు ఇంగ్లిష్‌లో చెప్పింది. ఎప్పుడూ కలవని నన్ను ఇంత మాట అడగడానికి ఆయన ఎంత మథనపడ్డారో ముఖంలోనే తెలిసింది. నాకు పెట్టాలనే ఉంది. మా ఆయన మాత్రం ష్యూరిటీ సంతకం మాటే ఎత్తొద్దంటున్నారు. మన వీసాకు ఏమైనా అవుతుందేమోనని కూడా ఆయనకు టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నాటింగ్‌హామ్_బాబాయ్:
అమ్మా, నేను మా అబ్బాయి అద్దె ఇంటికి పెట్టాను. ఇంట్లో నలుగురు పిల్లలు, అగ్రిమెంటు మాత్రం ఒక్కటే. ఫిబ్రవరిలో ఒకతను చెప్పకుండా వెళ్లిపోయాడు. అతని వాటా మూడు నెలలు బాకీ పడితే ఏజెన్సీ నేరుగా నాకే ఉత్తరం రాసింది. అతని ముఖం కూడా నేను చూడలేదు. మా అబ్బాయి తన అద్దె ఒక్క రోజు ఆలస్యం చేయలేదు, అయినా ఆ డబ్బు నేనే కట్టాను. కాగితంలో "జాయింట్ అండ్ సెవరల్" అని ఉంది, అంటే ఒకరు కట్టకపోతే మొత్తం బాకీ మిగతావాళ్లలో ఎవరినైనా అడగొచ్చని నాకు అప్పుడు తెలిసింది. మీకు ఆ పిల్ల మీద నమ్మకం ఉంది, మంచిదే. మిగతా ముగ్గురి సంగతేమిటి? ముందు అది చూసుకో తల్లీ.

లెట్టింగ్స్‌లో_చేశాను:
బాబాయ్ గారు చెప్పిందే అసలు విషయం. మీ హామీ ఆ అమ్మాయి వాటాకే పరిమితం అని రాయించండి. అప్పుడు ఏడాదికి 6,240 పౌండ్ల అద్దెకు మీరు బాధ్యులు. అది రాయకపోతే 24,960కి. అద్దె ఒక్కటే కాదు, ఇల్లు పాడైతే ఆ ఖర్చూ సాధారణంగా ఇందులోకి వస్తుంది. మీరు చెప్పిన మే 1 కొత్త చట్టంలో ఇలాంటి ఇళ్లకు గడువున్న అగ్రిమెంట్లు లేవు, కాబట్టి మీ హామీ ఏ తేదీతో ముగుస్తుందో కూడా రాయించాలి. అగ్రిమెంటు కాపీ చదవకుండా సంతకం పెట్టకండి. ఇది డీడ్ (లాంఛనంగా రాసే చట్టపరమైన పత్రం) అయితే సాక్షి ఎదురుగానే పెట్టాలి. మీ జీతం వివరాలు అడుగుతారు, క్రెడిట్ చెక్ చేస్తారు.

వీసా భయం అక్కర్లేదు. స్టూడెంట్ వీసాకు మామూలుగా చూసేది విద్యార్థి సొంత ఖాతా, లేదంటే తల్లిదండ్రుల ఖాతా. మీరు పెట్టేది ఇంటి ఓనరుకు ఇచ్చే మాట, వీసాలు చూసే హోం ఆఫీసుకు కాదు. ఇంకోటి, కొన్ని యూనివర్సిటీలు తామే గ్యారంటర్‌గా ఉంటాయి. ముందు అక్కడ అడగమనండి.

మాంచెస్టర్_పీహెచ్‌డీ:
అక్కా, ఒక్క జాగ్రత్త. వాళ్ల నాన్న మీ ధైర్యం కోసం కొంత డబ్బు మీ ఖాతాలో ఉంచుతానంటే వద్దనండి. చైనాలో ఒక మనిషి ఏడాదికి మామూలుగా 50,000 డాలర్ల విదేశీ మారకమే కొనుక్కోవచ్చు. ఫీజులకు కాగితాలు చూపించి అంతకన్నా ఎక్కువ పంపొచ్చు. కానీ ఆ తిప్పలు పడలేక కొందరు తెలిసినవాళ్ల ద్వారా ఇక్కడే పౌండ్లు వేయిస్తారు. ఆ పౌండ్లు ఎవరివో, ఎక్కడివో పంపించే తల్లిదండ్రులకే తెలియదు. ఇలాంటి డబ్బులో నేరాల సొమ్ము ఉందన్న అనుమానంతో 2019లో ఇక్కడి నేషనల్ క్రైమ్ ఏజెన్సీ 95 ఖాతాలు ఫ్రీజ్ చేయించింది, ఎక్కువ భాగం విదేశీ విద్యార్థులవే. ఆ డబ్బేదో బ్యాంకు ద్వారా నేరుగా కూతురి ఖాతాకే పంపమనండి. మూడు నెలల అద్దె ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటే మీకూ నిశ్చింత.

యార్క్‌షైర్_నర్సు:
అందరికీ చాలా థాంక్స్. బాబాయ్ గారు, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. యూనివర్సిటీలో అడిగితే ఈ ఏడాది గడువు దాటిపోయిందన్నారట. ఏజెంటు మొదట ఒప్పుకోలేదు. మిగతా ముగ్గురిలో ఇద్దరికి ఇక్కడే బంధువులు ఉన్నారు, వాళ్లూ ఇదే అడిగేసరికి దిగొచ్చాడు. ఎవరి వాటాకు వాళ్లే, వచ్చే జూలై 31 వరకు అని రాసి పంపాడు. మా ఆయన ఆ కాగితం మూడుసార్లు చదివారు. చివరికి "పాప దగ్గర కూర్చున్న పిల్ల కదా" అన్నారు. ఆదివారం సాక్షి సంతకానికి పక్కింటావిడ వస్తానంది.