స్టేజ్ 2 ఆక్టేవియా ఆర్ఎస్ 230, కర్ణాటక రిజిస్ట్రేషన్: ఏం చూసి కొనాలి?

పాతబండి_కొత్తోడు:
అన్నలూ, బెంగళూరులో 2018 స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 230 అమ్మకానికి ఉంది. రెండో ఓనరు, 64,000 కి.మీ., 23 లక్షలు చెప్తున్నాడు. చేయించినవి: స్టేజ్ 2 ఈసీయూ ట్యూన్ (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం), క్యాట్ (పొగని శుభ్రం చేసే కన్వర్టర్) లేని డౌన్‌పైప్ (టర్బో నుంచి వచ్చే పొగ గొట్టం), పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది), ఓపెన్ ఇన్‌టేక్, 35 ఎంఎం లోయరింగ్ స్ప్రింగులు, బూడిద రంగు ర్యాప్ (రంగు మీద అంటించే ఫిల్మ్). టర్బో కంపెనీదే. 320 బీహెచ్‌పీ, 480 ఎన్‌ఎం టార్క్ అని డైనో (పవర్ కొలిచే యంత్రం) షీట్ ఉందట. గేర్‌బాక్సు మాత్రం "అసలు ముట్టుకోలేదు, కొత్తదానిలా ఉంది" అంటున్నాడు. హైదరాబాదు తెచ్చి రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. శనివారం చూడ్డానికి వెళ్తున్నా. ఏమేం చూడాలి?

తడిక్లచ్:
"ముట్టుకోలేదు" అన్న మాట దగ్గరే ఆగండి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ ఇంజన్ ఇచ్చేది 350 ఎన్‌ఎం. ఇందులో ఉండే డీక్యూ250 గేర్‌బాక్సు (ఆయిల్‌లో తడిసే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) కూడా ఆ లెక్కకి తగ్గట్టే ఉంటుంది. ఇంజన్‌ని 480కి తీసుకెళ్లి టీసీయూ (గేర్‌బాక్సు కంప్యూటర్) ట్యూన్ వదిలేస్తే, క్లచ్ ప్లేట్లని నొక్కి పట్టే ఆయిల్ ప్రెషర్ పాతదే ఉంటుంది. ప్లేట్లు జారి ఆయిల్ మాడుతుంది. లేదంటే గేర్‌బాక్సే టార్క్ తగ్గించమని ఈసీయూకి చెప్తుంది, అప్పుడు ఆ 480 కాగితం మీదే.

టెస్ట్ ఇలా చేయండి. ఆయిల్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద మాన్యువల్ మోడ్‌లో నాలుగో గేరు, 2,000 ఆర్‌పీఎం. యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి, కానీ అడుగున ఉండే కిక్‌డౌన్ క్లిక్ దాకా వద్దు. ఆర్‌పీఎం ముల్లు గబుక్కున 300-400 ఎగిరి, స్పీడు మాత్రం దాని వెంట పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. అదే పని మూడో గేరులో కూడా చేయాలి. 1, 3, 5, రివర్స్ ఒక క్లచ్ మీద, 2, 4, 6 ఇంకో క్లచ్ మీద నడుస్తాయి కాబట్టి ఒకటి బాగున్నంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదు.

60,000 కి.మీ. దగ్గర గేర్‌బాక్సు ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. బిల్లు అడగండి. మార్చేటప్పుడు పట్టేది 5 లీటర్ల పైచిలుకు. లెవెల్ చూసేది ఇంజన్ ఆన్‌లో ఉండగా, ఆయిల్ 35-45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే. బాగా వేడి మీద చూసి సరిపోయిందని బిగించేస్తే, నిజానికి లోపల తక్కువ ఉంటుంది. చేసినవాళ్లకి ఈ సంగతి తెలుసో లేదో కనుక్కోండి. (డ్రై క్లచ్ ఏడు గేర్ల డీక్యూ200కి ఉన్న చెడ్డపేరు దీనికి అంటగట్టకండి. అది వేరు, ఇది వేరు.)

నల్లప్లగ్గు:
ఇంజన్ సంగతి నేను చెప్తా. మీరు వెళ్లేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశాడో అడగండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమంటే టైమింగ్ చైన్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మీద అనుమానం పెట్టుకోవాలి.

ఈ బండిలో ఉండే ఈఏ888 మూడో తరం ఇంజన్‌కి పెద్ద తలనొప్పి వాటర్‌పంప్, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్. కూలెంట్ లీక్ సన్నగా మొదలవుతుంది, కింద నేల మీద చుక్క కూడా కనపడదు. టార్చి వేసి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద, గేర్‌బాక్సు పైభాగం చూడండి. గులాబీ రంగులో ఎండిపోయిన మరక, తియ్యటి వాసన ఉంటే అదే. సీలొక్కటే మార్చి సరిపెట్టరు, హౌసింగ్ మొత్తం మారుస్తారు.

తర్వాత లాగ్ (రీడింగుల రికార్డు). ఓబీడీ పరికరం (ఇంజన్ కంప్యూటర్‌ని చదివేది) పెట్టి మూడో గేరులో 2,000 నుంచి 5,000 వరకు లాగుతూ నాలుగు రికార్డ్ చేయండి: ఈసీయూ అడిగిన బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి), నిజంగా వచ్చిన బూస్ట్, ఇన్‌టేక్ గాలి వేడి, సిలిండర్‌వారీగా స్పార్క్ టైమింగ్ ఎంత వెనక్కి లాగుతోంది. అక్కడక్కడ 2-3 డిగ్రీలైతే పర్లేదు. ఒకే సిలిండర్ ప్రతిసారీ 5-6 లాగుతుంటే ప్లగ్గో, పెట్రోలో, ట్యూనో ఏదో తేడా. ట్యూన్ ఏ ఆక్టేన్‌కి రాశారో అడగండి. 100కి రాసిన మ్యాప్ మీద మామూలు పెట్రోలు పోస్తే నాక్ (సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) వస్తుంది, రోజూ 100 ఆక్టేన్ ఎక్స్‌పీ100 పెట్రోలు పోయించే ఖర్చు మీకు వేరే. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి (వేడిని త్వరగా వదిలేవి), గ్యాప్ 0.6-0.7 ఎంఎం ఉండాలి. వాటిని 20,000కి మార్చేస్తే మంచిది.

ఫాల్ట్ కోడ్‌లు ఏమీ లేవని మురిసిపోవద్దు, రెడీనెస్ (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా అన్నది) కూడా చూడండి. "నాట్ రెడీ" అని వస్తే ఈమధ్యే కోడ్‌లు చెరిపేసి ఉంటారు. డైనో షీట్ మీద చక్రాల దగ్గర పవరా, లెక్కేసిన ఇంజన్ పవరా అన్నది రాసి ఉందో లేదో చూడండి. ఆ తేడా చిన్నది కాదు.

ఫారం28:
మెకానిక్ పని బాగానే చెప్పారు, కానీ ఈ బండి ఇరుక్కునేది కాగితాల దగ్గర. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు వివరాలకి తేడా వచ్చే మార్పులు కుదరవు. 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. క్యాట్ తీసేసిన డౌన్‌పైప్‌తో నిజాయితీగా చేసే పొల్యూషన్ టెస్ట్ దాటడం కష్టం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట చూసేదీ ఈ మార్పులే.

కర్ణాటక ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, లోన్ ఉంటే ముందు బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35, పేరు మార్పుకి 29, 30. ఇక్కడికొచ్చాక తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అదెంతో బండి వయసుని బట్టి ముందే లెక్క కట్టించుకుని ధరలో కలుపుకోండి.

ర్యాప్ రంగు ఆర్‌సీలో రంగుతో కలవదు, తీయించాల్సిందే. రంగు మళ్లీ వేసిన ప్యానెల్ అయితే ర్యాప్‌తో పాటు క్లియర్‌కోట్ (పైనున్న మెరుపు పొర) కూడా లేచిరావచ్చు. పెయింట్ గేజ్ ర్యాప్ మీద పెడితే ర్యాప్ మందం కూడా కలిసొస్తుంది, అందుకే తలుపుల లోపలి అంచుల్లో కొలవండి.

పాతబండి_కొత్తోడు:
ఇప్పుడే ఫోన్ చేశా. టీసీయూ ట్యూన్ లేదట. ఒరిజినల్ డౌన్‌పైప్ అమ్మేశాడట. ఒరిజినల్ ఎయిర్‌బాక్స్ (గాలి ఫిల్టర్ డబ్బా), స్ప్రింగులు మాత్రం ఇంట్లో ఉన్నాయంటున్నాడు.

తడిక్లచ్:
అయితే ఈ బండి మీద పెట్టిన మార్పులకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. అదే ఏడాది, అన్నే కిలోమీటర్లు తిరిగిన స్టాక్ (మార్పులు లేని) బండి ధర దగ్గర మొదలుపెట్టండి. క్యాట్‌తో ఉన్న డౌన్‌పైప్, గేర్‌బాక్సు సర్వీసు, ర్యాప్ తీయించడం, ఈ మూడింటికీ రాతపూర్వకంగా కొటేషన్ తెప్పించి అందులోంచి కొట్టేయండి. క్లచ్ జారితే బేరం కూడా వద్దు, వెనక్కి వచ్చేయండి. జారకపోతే, సర్వీసు, టీసీయూ ట్యూన్ అయ్యేదాకా 3,000 లోపు ఆర్‌పీఎంలో ఫుల్ యాక్సిలరేటర్ ఇవ్వకండి. టార్క్ అంతా విరుచుకుపడేది అక్కడే.