కెమెరాకు మాత్రమే ఎర్రగా కనిపించిన దక్షిణ ధ్రువకాంతిని ‘చూశాను’ అనవచ్చునా?

వేగుచుక్క:
2024 మే 11 శనివారం రాత్రి, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు నైరుతి దిశలో రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న స్టాంథార్ప్ శివార్లలో ట్రైపాడ్ నిలబెట్టి, మబ్బులు విడిన కొద్దిసేపట్లో దక్షిణాకాశాన్ని ఫొటో తీశాను. టాస్మానియాలోనో, న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోనో కనిపించే ఈ ధ్రువకాంతి (అరోరా) 28 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో దొరుకుతుందని నేను అంతకు ముందు అనుకోలేదు. పది సెకన్ల ఎక్స్‌పోజర్‌తో, అంటే కెమెరా పది సెకన్ల పాటు వెలుగును కూడబెట్టేలా తీస్తే కెమెరా తెర మీద ఆకాశం దానిమ్మ గింజ రంగులో వెలిగింది. తలెత్తి చూస్తే మాత్రం, కొయ్యకాళ్లు తగలబెట్టిన పొలం మీద తెల్లవారుజామున నిలిచే పొగలాగా, కంచె పైన బూడిదరంగు మసక ఒకటి కనిపించింది. ఆ ఫొటో ఇంటికి పంపితే గుంటూరులోని మా బావగారు ఒక్కటే అడిగారు: “నువ్వు చూశావా, కెమెరా చూసిందా?” దానికి నిజాయితీగల జవాబు ఏమిటో తేలక ఇక్కడ అడుగుతున్నాను.

తూనికరాయి:
వేగుచుక్క గారూ, మీ శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు గాని, ‘చూశాను’ అనడం సరికాదు. ఇటువంటి ఫొటోలను నమ్మి, పిల్లలను వెంటబెట్టుకుని చలిలో గంటల తరబడి కారు నడిపి, ఏమీ కనిపించక తిరిగి వచ్చినవారిలో నేనూ ఒకడిని. ఫోన్లలోని నైట్ మోడ్ అనేక ఫ్రేములను కలిపి, రంగును తానే సర్దుతుంది. దిగంతం దగ్గరి ఎరుపు ఏదో ఊరి దీపాలది కూడా కావచ్చు. 1921 మే నెలలో వచ్చిన అయస్కాంత తుఫానులో (సూర్యుడి నుంచి వచ్చిన కణాల తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమైనప్పుడు), భూమధ్యరేఖకు 14 డిగ్రీల దక్షిణాన మాత్రమే ఉన్న సమోవాలోని ఆపియా నుంచి దక్షిణ ధ్రువకాంతిని మనుషులు కళ్లతో చూసి నమోదు చేశారు. చూడటమంటే నా దృష్టిలో అదీ.

అరుంధతి:
తూనికరాయి గారి నిరాశ అర్థమవుతోంది. నేను భౌతికశాస్త్రం బోధిస్తాను కాబట్టి, ఆ ఎరుపు కెమెరా కల్పించినది కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. వేగంగా వచ్చిపడే ఎలక్ట్రాన్లు పై వాతావరణంలోని ఆక్సిజన్ పరమాణువులను తాకినప్పుడు, వంద కిలోమీటర్లకు కాస్త పైన 557.7 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి, రెండు వందల కిలోమీటర్లకు పైన 630 నానోమీటర్ల ఎర్రకాంతి వెలువడతాయి. ఎర్రకాంతిని విడిచిపెట్టడానికి పరమాణువుకు దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. కిందనున్న దట్టమైన గాలిలోనైతే ఆలోపే మరొక అణువు ఢీకొని ఆ శక్తిని లాగేసుకుంటుంది కనుక, ఎరుపు ఎప్పుడూ పై అంతస్తులోనే ఉంటుంది.

దూరం లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. 100 కిలోమీటర్ల ఎత్తున వెలిగే ఆకుపచ్చ తెర సుమారు 1,100 కిలోమీటర్ల అవతలివారికి దిగంతం కింద పడిపోతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఎరుపు దాదాపు 2,200 కిలోమీటర్ల దూరం దాకా కనిపిస్తుంది. అంటే టాస్మానియాకు దక్షిణాన సముద్రం మీద వెలిగినదాని పై భాగం స్టాంథార్ప్‌కు అందుతుంది. భూ అయస్కాంత అక్షం దక్షిణ కొస ఆస్ట్రేలియా వైపు ఒరిగి ఉండటం వల్ల, అదే అక్షాంశంలోని చిలీకి లేని వీలు అక్కడివారికి ఉంది.

ఇక కన్ను సంగతి. మసక వెలుగులో మనకు పనిచేసేవి రెటీనాలోని దండ కణాలు; అవి 630 నానోమీటర్ల ఎరుపును దాదాపు పట్టించుకోవు. రంగులు చెప్పగల శంఖు కణాలకు అంత తక్కువ వెలుగు చాలదు. అందుకే మీకు బూడిదరంగు కనిపించింది. మీరు ఫొటో తీసిన 2024 మే నాటి అయస్కాంత తుఫానులోనే లద్దాఖ్‌లోని హాన్లే ఖగోళ పరిశీలనాశాలలో ఆకాశమంతటినీ చిత్రించే కెమెరా కూడా ఎర్రని వెలుగును నమోదు చేసింది. అది అసలైన అరోరాయా, లేక నిలువు వెలుగు స్తంభాలు లేకుండా నిశ్చలంగా ఉండే, విల్లులా వంగిన ఎర్రని వెలుగు పట్టీయా అని వాదించవచ్చు గాని, కెమెరా అబద్ధమాడిందని అనలేం.

ఊరి దీపాల అనుమానం మాత్రం న్యాయమైనది. వేగుచుక్క గారూ, ఒకే కోణంలో వరుసగా తీసిన ఫ్రేములుంటే పక్కపక్కన పెట్టి చూడండి. ఊరి వెలుగు ఉన్నచోటే ఉంటుంది, ధ్రువకాంతి స్తంభాలు జరుగుతాయి.

వేగుచుక్క:
రంగు సవరించని రా ఫైళ్లన్నీ ఈ రోజు తెరిచి చూశాను. మూడో ఫ్రేములో ఒక లేత గులాబీ స్తంభం కంచె గుంజకు సరిగ్గా పైన ఉంది. ఆరో ఫ్రేముకు రెండు గుంజల కుడికి జరిగి, పలచబడింది. అది చూడగానే మరిచిపోయిన ఒక సంగతి గుర్తుకు వచ్చింది. ఆ మసకలో ఒక నిలువు గీత కాస్త తెల్లగా తేలి, పక్కకు జరిగి కరిగిపోవడం నేను కళ్లతోనే చూశాను, కాని అప్పుడు అది మబ్బు అనుకున్నాను.

తూనికరాయి:
అయితే ఆ కదలికను చూశానని రాయండి, ఒప్పుకుంటాను. ఎరుపును చూశానని మాత్రం రాయకండి. ఎక్స్‌పోజర్ ఎంతసేపో ఫొటో కిందనే ఉండాలి. అది ఉండి ఉంటే ఆ రాత్రి నేను పిల్లలను తీసుకుని బయలుదేరేవాడిని కాదు.

వేగుచుక్క:
ఫొటో కింద ఇలా మార్చాను: “పది సెకన్ల ఎక్స్‌పోజర్. కంటికి బూడిదరంగు, కెమెరాకు ఎరుపు.” బావగారికి కూడా అదే రాసి, మూడో ఫ్రేమును, ఆరో ఫ్రేమును కలిపి పంపాను.